మైనస్ రెండువందల ఎనిమిది

పుర్వకెర్తో, సోమవారం

చిరంజీవి సుగెంగ్‌కు ప్రయోగశాల అధికారిణి కుస్మియాతి ఆశీస్సులు.

నీ ప్రాక్టికల్ రిపోర్టు కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి చదివాను. సిగరెట్ లైటరులోని గ్యాసుకు మోలార్ ద్రవ్యరాశి కనుక్కోమన్నాను. లైటరు తూచాలి. నీళ్లలో బోర్లించిన జాడీలోకి గ్యాసు వదలాలి. లైటరును ఆరబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిన బరువును జాడీలో పట్టిన గ్యాసు మోల్‌ల సంఖ్యతో భాగించాలి. లోపలున్నది బ్యూటేను కాబట్టి యాభై ఎనిమిదికి కాస్త అటో ఇటో రావాలి.

నువ్వు ‘మైనస్ రెండువందల ఎనిమిది’ అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టావు. గ్యాసు వదలక ముందు 16.42 గ్రాములున్న లైటరు, వదిలాక 18.50 అయిందట! ఇరవయ్యేళ్లుగా తప్పు జవాబులు చూస్తున్నాను గానీ, సున్నాకి అవతల నుంచి వచ్చింది మాత్రం ఇదే మొదలు.

సంజాయిషీ ఉత్తరంగా రాసి గుమ్మం దగ్గర పెట్టెలో వెయ్యి. గదిలోకొచ్చి గొణగకు.

ఇట్లు
కుస్మియాతి

తా.క.: మధ్యలో దానికేమైనా తినడానికి పెట్టావా?

*

మంగళవారం

పూజ్యులైన కుస్మియాతి మేడమ్ గారికి, తల వంచగలిగినంత వంచి సుగెంగ్ రాసుకునే విన్నపం.

గీతలు గర్వంతో కొట్టినవి కావు, ధైర్యం కోసం కొట్టినవి. జరిగింది మనవి చేస్తాను.

గ్యాసు వదిలాక లైటరు తడిగా ఉంది. త్రాసు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. ఎండలో ఆరుతుంది కదా అని వెనక వీధిలో మాక్ ఇనా కాఫీ దుకాణానికి వెళ్లాను. లైటరు బల్ల మీద పెట్టానో లేదో, ఆడవాళ్ల వైపు తెర వెనక నుంచి ఓ చెయ్యి బయటికొచ్చింది. “నిప్పుందా బాబూ?” అని గొంతు. మన ఊళ్లో నిప్పడిగిన మనిషికి లేదంటే, అన్నం లేదని గుమ్మంలోంచి తరిమినట్టే కదా మేడమ్. ఇచ్చాను. కాసేపటికి ఆ చెయ్యే తిరిగిచ్చింది. అదే ఆకుపచ్చ లైటరు. అడుగున మా చెల్లెలు అంటించిన చేప బొమ్మ మాత్రం లేదు. తడికి ఊడిపోయిందనుకున్నాను.

బాలిక్‌పాపన్ చమురు కర్మాగారంలో నాకు శిక్షణ సీటొచ్చింది. శనివారం ఓడ. ప్రాక్టికల్ కాగితం మీద మీ సంతకం లేనిదే చేర్చుకోరట. ఇంకొక్క అవకాశం ఇప్పించండి.

విధేయుడు
సుగెంగ్

తా.క.: మా అమ్మ అప్పుడే వీధంతా పసుపన్నం పంచేసింది. తిన్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేం.

*

బుధవారం, ఉదయం

సుగెంగ్‌కు ఆశీస్సులు (తగ్గించి).

చదువుకునేవాళ్లు వెళ్లే చోటా అది? నేనైతే ఆ వీధిలోకే తిరగను.

మళ్లీ చెయ్యి. లైటరు నీ ఒంటి మీదే ఉండాలి. నువ్వు ప్రయోగశాలలోనే ఉండాలి.

కుస్మియాతి

తా.క.: పసుపన్నం మా వీధికి రాలేదు.

*

బుధవారం, సాయంత్రం

మేడమ్ గారికి సుగెంగ్ నమస్కారాలు, ఈసారి ఇంకాస్త వంగి.

మీ ఆజ్ఞ తు.చ. తప్పలేదు. లైటరుకు దారం కట్టి మెడలో వేసుకున్నాను. గది దాటలేదు. జవాబు తొంభై ఏడు వచ్చింది. సున్నాకి ఇవతలే ఉందని గమనించ ప్రార్థన.

ఎక్కువెందుకు వచ్చిందంటే, గ్యాసు వదిలి కిటికీ దగ్గర ఆరబెడుతుంటే బయట అటెండర్లు చేరారు.

“ఒరేయ్ సుగెంగ్, మెడలో నిప్పు వేలాడేసుకుని మాకు లేదంటావేంట్రా?” అన్నాడు పెద్దాయన తుకిమాన్.

“ఇంకోసారి తూచాలి మామయ్యా.”

“తూచుకో, ఎవరొద్దన్నారు? మేమేమన్నా మింగేస్తామా? వంగు!”

వంగాను. పెద్దవాళ్లు. గాలికి ఆరిపోయినప్పుడల్లా మళ్లీ మళ్లీ, వరసగా వెలిగించుకున్నారు. నా తల మాత్రమే కిటికీ బయట ఉంది, నిబంధనల ప్రకారం మిగతా నేను లోపలే ఉన్నాను.

వంగినవాడు
సుగెంగ్

తా.క.: తొంభై ఏడు హెప్టేనుకు బాగా దగ్గర. అదని ఒప్పుకుంటే ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది.

*

గురువారం

సుగెంగ్,

హెప్టేను ద్రవం. అంటే లైటరులో పెట్రోలు లాంటిదేదో పోశానని ఒప్పుకుంటున్నావా? అలాగైతే ఆ సంగతి ప్రిన్సిపాల్ గారికి రాయాల్సి ఉంటుంది.

నీ లైటరు మీద నాకు నమ్మకం పోయింది. నా సొరుగులోది ఒకటి కవర్లో పెట్టి, జిగురుతో అంటించి పంపుతున్నాను. దోమల చక్రాలు వెలిగించడానికి ఉంచుకున్నది. మా ఇంట్లో పొగ తాగేవాళ్లు లేరు. శుక్రవారం మధ్యాహ్నంలోగా జవాబు రావాలి. రాకపోతే ఓడ నువ్వు లేకుండానే వెళ్తుంది.

కుస్మియాతి

తా.క.: తలకాయ కూడా లోపలే ఉంచు.

*

శుక్రవారం

మహారాజశ్రీ మేడమ్ గారికి సుగెంగ్ సాష్టాంగం.

తమరు పంపిన ఆకుపచ్చ లైటరు అందింది. గ్యాసు వదిలే ముందు తూచాను. 15.83. ఎందుకో తిరగేసి చూశాను. అడుగున చేప బొమ్మ ఉంది.

ఇక గ్యాసు వదల్లేదు మేడమ్. సోమవారం నాటి ప్రయోగమే ఇవాళ పూర్తయింది. మొదట 16.42, ఇప్పుడు 15.83. తగ్గింది 0.59. ఆ రోజు జాడీలో పట్టిన గ్యాసు మోల్‌లో నూరో వంతు. కాబట్టి జవాబు యాభై తొమ్మిది.

నా లైటరు కాఫీ దుకాణం నుంచి తమరి సొరుగుదాకా ఎలా నడిచి వెళ్లిందో నాకు తెలియదు. తెలిసినా చిన్నవాణ్ణి.

మీ శిష్యుడు
సుగెంగ్

తా.క.: రావాల్సినదానికి ఒక్క గ్రాము ఎక్కువొచ్చింది. లైటరు లెక్కలో అది గ్రాములో నూరో వంతు, అంటే సుమారు ఒక్క సిగరెట్టు. దోమల చక్రం అంటుకోవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.

*

శుక్రవారం, వెంటనే

చిరంజీవి సుగెంగ్‌కు నిండు ఆశీస్సులు.

యాభై తొమ్మిది చక్కటి జవాబు. సంతకం పెట్టాను, కాగితం ఇందులోనే ఉంది. చమురు కర్మాగారంలో మాత్రం ఎవరు నిప్పడిగినా లేదని చెప్పు. అదొక్కటీ నేర్చుకుంటే చాలు.

కుస్మియాతి

తా.క.: దారం కట్టిన ఆ బరువు లైటరు నాది. అటెండర్లకు పంచి సగం చేశావు. గ్యాసు నింపించి, ఓడెక్కే ముందు మాక్ ఇనా దుకాణంలో తెర వెనక ఇచ్చి వెళ్లు. దారిలో మా ఆయన కనిపిస్తే, ఈ ఏడాది దోమలు మరీ ఎక్కువయ్యాయని చెప్పు.