ఇరవై రెండు బారల లోతున

కాలిమ్నోస్ ద్వీపం,
13 సెప్టెంబరు 1962, గురువారం

తమ్ముడు థెమెలిస్‌కు,

అన్న సకెల్లారిస్ దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా, నీ భార్య సెవస్తీ, నేనూ తిండికి లోటు లేకుండా ఉన్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తానని రాయాలి గానీ, ఏథెన్స్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం శనివారం పడవకు వచ్చింది. నువ్వడిగినవి ముందు చెబుతాను. వంటింటి కప్పు కారే చోట సున్నం పూయించాను, మొన్నటి జల్లుకు చుక్క పడలేదు. అత్తిపళ్ళు ఎండాయి. ఈసారి పురుగు ఎక్కువ, అమ్మ సగం మేకకే పెట్టేసింది. మేక చూలుతో ఉంది, బద్ధకంగా తిరుగుతోంది. సముద్రం అడుగున స్పాంజి కోయడానికి వెళ్ళిన పడవలు ఆఫ్రికా తీరం నుంచి ఇంకా రాలేదు. ఈ ఏడు స్పాంజి తక్కువేనని చెప్పుకుంటున్నారు.

ఉత్తరం సెవస్తి చదివి వినిపించింది. తొడ ఎముక పైన బంతిలా గుండ్రంగా ఉండాల్సిన తల నెత్తురు అందక చచ్చిపోయిందనీ, నీ బరువుకు ఒకవైపు కుంగిపోయిందనీ డాక్టరు ఫొటోలో చూపించాడని రాశావు కదా. అక్కడికి వచ్చేసరికి అమ్మ చేతిలో పని ఆపేసింది.

"మోకాలు నొప్పి, మోకాలు నొప్పి అనేవాడు కదే! రెండేళ్ళు మోకాలికి నూనె రాశాను. చచ్చిపోతున్నది తుంటిలో అయితే మోకాలికెందుకు రాశాను నేను?"

"మనకేం తెలుసు అత్తయ్యా? నొప్పి ఒకచోట, రోగం ఒకచోట అట" అంది సెవస్తి.

తుంటి కీలును కదలకుండా ఎముకకు ఎముక అతికించేస్తారట, ఒప్పుకోవాలా వద్దా అని అడిగావు. నేను ఆంథూలిస్ దగ్గరికి వెళ్ళాను. ముసలాయన కూడా మనలాగే గాలి గొట్టం తగిలించిన రాగి టోపీ పెట్టుకుని సముద్రంలో దిగినవాడే, అయిదేళ్ళ కిందట ఆయనకు పిరేయస్ ఆసుపత్రిలో అదే ఆపరేషన్ చేశారు. కుర్చీ అంచున ఒక పక్కకు ఒరిగి, కాలు బారజాపుకుని కూర్చున్నాడు. మేజోడు భార్య తొడుగుతోంది.

"నొప్పి ఉందా మామా?" అన్నాను.

"నొప్పి పోయింది. దాంతో పాటు వంగడం కూడా పోయింది. చర్చిలో మోకరించక్కర్లేదు, దేవుడు అడిగితే డాక్టరు చీటీ చూపిస్తా" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీ వాడికి చెప్పు. నిద్ర పడుతుంది. అంతకుముందు నాకు ఏడేళ్ళు పట్టలేదు" అన్నాడు.

కాబట్టి నా మాట, ఒప్పుకో.

కానీ నువ్వు ఉత్తరం చివర రాసిన నాలుగు వాక్యాలు నన్ను అయిదు రోజులుగా కూర్చోనివ్వడం లేదు. ఆ రోజు ఎంత లోతుకు దిగావు, ఎంతసేపు ఉన్నావు, ఎలా పైకి వచ్చావు అని డాక్టరు అడిగితే, "తాడు లాగి పైకి రమ్మన్నా వినిపించుకోలేదు, ఇంకొక్క స్పాంజి అని ఆశపడ్డాను, ఎముక తగిన శాస్తి అనుభవిస్తోంది" అని చెప్పానన్నావు. నేను కొని తెచ్చుకున్న నొప్పిని నేనే మోస్తాను, ఆపరేషన్ వద్దని ఇంటికి వచ్చేయాలని ఉందన్నావు.

డాక్టరుకు నువ్వు చెప్పింది తప్పు. సరైన జవాబు నా దగ్గర ఉంది. పదకొండేళ్ళుగా ఉంది.

యాభై ఒకటి, ఆగస్టు, ఆఫ్రికా తీరంలో దెర్నాకు తూర్పున. లోతు ఇరవై రెండు బారలు. నీ వంతు పదిహేను నిమిషాలు. తాడు నా చేతిలో, అంతే సమయం పట్టే ఇసుక గడియారం నా పక్కన. ఎండ మండిపోతోంది. కెప్టెన్ పడవ వెనక భాగంలో తెరచాప నీడలో పడుకున్నాడు. వంటవాడు వాళ్ళ ఊరి పెళ్ళిలో గాడిద వధువు ముసుగు నమిలేసిన కథ మొదలుపెట్టాడు. నేను విరగబడి నవ్వాను. నవ్వుతూనే గడియారం తిరగేశాను. ఇసుక అయిపోయిందని చూసే తిరగేశాను తమ్ముడూ, కానీ దాని అర్థం బుర్రలోకి ఎక్కలేదు. మళ్ళీ చూసేసరికి రెండోసారి కూడా అయిపోవచ్చింది.

నేను తాడు ఒక్కసారి కూడా లాగలేదు. నువ్వు వినిపించుకోకపోవడానికి అక్కడ లాగిందెవరు?

అప్పుడైనా కెప్టెన్‌ను లేపి ఉంటే, నిన్ను సగం దారిలో ఆపి, కాసేపు నీళ్ళలోనే ఉంచి, నెమ్మదిగా తీసేవాళ్ళం. కెప్టెన్ లేస్తే నా తప్పు బయటపడుతుందని భయపడ్డాను. అతను కళ్ళు తెరిచేలోగా నువ్వు పడవ మీద ఉండాలని, అంత లోతు నుంచి అలా తీస్తే నెత్తుట్లో గాలి బుడగలు కట్టి కాళ్ళు పడిపోతాయని తెలిసి కూడా, ఒకే ఊపున పైకి లాగేశాను. సాయంత్రానికి నీ కాళ్ళు చచ్చుబడ్డాయి. పదిహేను రోజులకు లేచి నిలబడ్డావు, గండం గడిచిందని అందరం శిలువ గుర్తు వేసుకున్నాం. గడవలేదని ఇప్పుడు ఫొటోలో తెలిసింది.

పడుకున్నచోటి నుంచే నువ్వు నన్ను అడిగావు, గుర్తుందా?

"అన్నా, చాలాసార్లు లాగావా? నాకు తెలియలేదు. ఒక పెద్ద స్పాంజి కనిపించింది, దాని మీదే ధ్యాస పడింది."

నేను తల ఊపాను. అంతే చేశాను. ఆ ఒక్క తల ఊపుకు కెప్టెన్ నిన్ను అత్యాశపరుడా అని తిట్టాడు, తర్వాత ఏ కెప్టెనూ నిన్ను పడవ ఎక్కించుకోలేదు. రేవులో నీకు 'తాడు మాట వినని థెమెలిస్' అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఎవరైనా నిన్ను పిలిచినప్పుడు నేను పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మకు చెప్పాను. పప్పులో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"పదకొండేళ్ళు వాణ్ణి తిట్టాను" అంది. "స్పాంజికి ఆశపడి కాలు పోగొట్టుకున్నావని అన్నం పెడుతూ కూడా తిట్టాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోనురా? నీ నెత్తిన పోస్తే వాడి మీంచి దిగుతాయా?"

సెవస్తికి అమ్మే చెప్పింది. మరదలు నన్ను గడప దగ్గరే నిలబెట్టింది. "ఆయన కుంటుతూ వస్తుంటే నాకు ఒళ్ళు మండేది బావగారూ. చేసింది మీరు. మండింది ఆయన మీద" అంది. తలుపు వేసుకుంది. వేసుకోవాల్సిందే.

అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న మధ్యాహ్నం నల్ల శాలువా కప్పుకుని, చేతిలో మూటతో మా వాకిట్లోకి వచ్చింది. నాన్న పోయాక ఆమె ఈ ద్వీపం దాటలేదని నీకు తెలుసు.

"పడవ ఎప్పుడు?"

"సోమవారం అమ్మా. కానీ నువ్వెందుకు, సముద్రం బాగా..."

"నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పుకో. వాడి దగ్గర నాకూ పని ఉంది" అంది.

ఈ ఉత్తరం ఈరోజు పడవకు వేస్తున్నాను, మాకంటే ముందు అందాలి. నా ముఖం చూసి నువ్వు మొహమాటానికి మాట దాచుకోకూడదు. చదివాక డాక్టరును పిలిచి సరిగ్గా చెప్పు: ఇరవై రెండు బారలు, అరగంట, మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆ మాటల వల్ల వైద్యంలో ఏమైనా తేడా వస్తుందో లేదో నాకు తెలియదు. నన్ను వార్డులోకి రానివ్వద్దని నర్సుకు చెబితే గేటు దగ్గరే కూర్చుంటాను. అమ్మను మాత్రం రానివ్వు. క్షమించమని నేను అడగడం లేదు, అడిగితే నువ్వు ఊరికే సరే అంటావు, అది నీ అలవాటు.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టు. ఆ నొప్పి నీకు పడాల్సిన శిక్ష కాదు. ఎవరికి పడాలో వాడు సోమవారం పడవ ఎక్కుతున్నాడు.

ఇట్లు,
నీకంటే నాలుగేళ్ళు ముందు పుట్టిన అన్న,
సకెల్లారిస్