టైరుకు ఆనని డైనమో

1981 నవంబరు, గురువారం రాత్రి

సాయంత్రం సత్తిబాబు వాళ్ళమ్మగారు వాడి సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. వాడు చీకట్లో మలుపు కనబడక కాలవలో పడి చనిపోయాక ఆవిడ మా గడప తొక్కడం ఇదే మొదలు.

"షాపులో చక్రం తిప్పితే లైటు వెలిగిందండి మాస్టారూ. మరి ఆ రోజు ఎందుకు వెలగలేదంటారు? సైన్సు చెప్తారు కదా, మీకు తెలుస్తుందని తెచ్చానండి."

నాకు తెలుసు. సైకిలు పందేనికి వాడికి మెళకువలు చెప్పింది నేనే. నడుం వంచి తొక్కితే ఎదురుగాలి తక్కువ తగులుతుందన్నాను. టైర్లలో గాలి గట్టిగా కొట్టించమన్నాను. లైటుకి కరెంటిచ్చే డైనమో టైరుకు రాసుకుంటే కాళ్ళ బలం కొంత అదే తినేస్తుంది, పక్కకి తప్పించమన్నాను. వాడు చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. చీకటి పడితే మళ్ళీ ఆనించమని మాత్రం చెప్పలేదు. అంత చిన్న సంగతి వేరే చెప్పాలా అనుకున్నాను... లేదు, అసలు అనుకోనే లేదు.

"చూసి చెప్తానండి" అన్నాను. రేపు వస్తానని సైకిలు వదిలి వెళ్ళారు.

ఇందాక వరండాలో డైనమో ఆనించి పెడలు తిప్పాను. గోడ మీద వెలుగు పడింది. ఆపితే ఆరిపోతుంది.

చాలాసేపు ఆపలేకపోయాను.