బ్రెజిల్ తండా ఏ తాలూకా?

రేగులకుంట తండా, టేకుమట్ల దగ్గర
1-12-1989

భూపాలపల్లి బొగ్గుగని క్లబ్బు సెక్రెటరీ గోవర్ధన్ సారుకు టీక్యా నాయక్ రాంరాం.

నాకు అక్షరం రాదు, చెప్పి రాయిస్తున్న. ఇరవై మూడు నాడు మీ క్లబ్బుల "బ్రెజిల్ లంబాడా డ్యాన్సు, బ్రెజిల్ డోళ్లు" అని బస్టాండు గోడకు కాయితం ఉంటే చదివిచ్చుకున్న. యవత్మాల్ దాకా మాకు చుట్టాలున్నరు గని, బ్రెజిల్ తండా పేరు ఇనలే. అది ఏ తాలూకా? ఏ టేషన్ల దిగాలె? వాళ్లు పవార్లా, చౌహాన్లా? మేం రాథోడ్లం, వాళ్లూ రాథోడ్లయితే కుదరదు.

ఎందుకంటే నా బిడ్డ గంగికి సంబంధం చూస్తున్న. పక్క తండా తుల్సీరాంకు మాటయితే ఇచ్చిన. ట్రాక్టరుంది, రెండో పెండ్లి. పిల్లేమో జనగామల నర్సు ట్రైనింగుకు పోతనని ఒకటే ఏడుపు. డోలు కొట్టే పిలగాడు దొరికితే నవ్వుతదేమో.

ఇట్లు,
టీక్యా (వేలిముద్ర)

తా.క. తుల్సీరాంకు యాభై ఏళ్లు. గిది నాయక్ చెప్పలేదు, నేనే కలిపి రాసిన.

*

భూపాలపల్లి
5-12-1989

శ్రీ టీక్యా నాయక్ గారికి నమస్కారం.

బ్రెజిల్ తండా కాదు, దేశం. సముద్రాలు దాటి పోవాలి. లంబాడా అనేది అక్కడి ఆట పేరు. మీకూ వాళ్లకూ ఏ చుట్టరికమూ లేదు, వాళ్లకు గోత్రాలు అసలే లేవు. నలుగురు డోళ్లు వాయిస్తారు, మిగతావాళ్లు ఆడామగా చేతులు పట్టుకొని గిరగిరా తిరుగుతారు. సంబంధం ఆలోచన మానుకోండి.

భవదీయుడు,
గోవర్ధన్

తా.క. ప్రవేశం గని కుటుంబాలకే. ఆ కాయితం కింద చిన్నక్షరాల్లో ఉంది. గొడవేమైనా జరిగితే మేనేజరు నన్ను కుర్చీలోంచి లేపి గనిలోకి దింపుతాడు.

*

రేగులకుంట తండా
9-12-1989

గోవర్ధన్ సారుకు వెయ్యి రాంరాంలు.

మీ ఉత్తరం ఇని కడుపు నిండింది. వాళ్లు పవార్లేనని, చదువుకున్న పిల్లనే చేసుకుంటరని, నర్సయితే కండ్లకద్దుకుంటరని రాసినవు. గింత మంచి మాట సొంత తమ్ముడు సుత చెప్పడు. తుల్సీరాంను జర ఆగుమన్న. మూతి ముడుచుకున్నడు. ఇరవై మందిమి ట్రాక్టరెక్కి వస్తున్నం. నా భార్య ఆడోళ్లను తోలుకొస్తది, నేను నగారా తెస్త. పెండ్లి మాటలకు ఉత్త చేతులతోని రాం కద, మేకను సుత తెస్తున్నం.

ఇట్లు,
టీక్యా (వేలిముద్ర)

తా.క. ట్రాక్టరు తుల్సీరాందే.

*

భూపాలపల్లి
13-12-1989

నాయక్ గారికి,

పవార్లని నేనెప్పుడు రాశాను? నర్సు మాట ఎక్కడ రాశాను? మీకు చదివిపెట్టేది ఎవరో గానీ, ముందు వాళ్లకు కళ్లద్దాలు కొనివ్వండి. మీకు దండం పెడతాను, రావద్దు. గేటు దగ్గరే ఆపేస్తారు.

గోవర్ధన్

తా.క. మేక సంగతి మేనేజరు గారి చెవిన పడింది. మేకతో వచ్చేవాళ్లను ఆపవద్దని గేటుకు చెప్పారు.

*

రేగులకుంట తండా
28-12-1989

గోవర్ధన్ అన్నకు గంగి దండాలు.

ఇది బాపు చెప్పింది కాదు, నా సొంత ఉత్తరం. ఆ రాత్రి నలుగురూ డోళ్లు అందుకోంగనే మీ మేనేజరు భార్యే కుర్చీల కూసోలేకపోయింది. పెద్ద డోలు అతను బాపు నగారా ఇని మెట్లు దిగి వచ్చిండు. అమ్మవాళ్లు గుండ్రంగ ఆడుతుంటే బ్రెజిల్ ఆడోళ్లు చెప్పులిడిసి వరుసల దూరిన్రు. ఒక్క మాట తెల్వకున్నా దెబ్బ మాత్రం కలిసింది. మిమ్మల్ని గనిలోకి దింపలేదని తెలిసి సంతోషమైంది.

కళ్లద్దాల మాట నాకే తగిలిందన్నా. బాపుకు చదివిపెట్టేది, రాసిపెట్టేది నేను. గోత్రాల్లేవని మీరు రాస్తే పవార్లని చదివిన. నెల రోజులు ఏడిస్తే వినని బాపు, బ్రెజిల్‌వాళ్లకు నర్సు కావాలంటే విన్నడు. అబద్ధం చెప్పినందుకు మనసు గుంజుతంది గని, సంతోషం అంతకన్నా ఎక్కువుంది. తుల్సీరాం ఆగలేక తన ఈడు మనిషినే చేసుకుంటున్నడు. రేపు జనగామల ట్రైనింగుల చేరుతున్న, బాపే దిగబెడ్తడు.

మీ చెల్లె,
గంగి

తా.క. డోలు అతను తనను కౌగిలించుకున్న కాన్నుంచి బాపు బ్రెజిల్ నుంచి పెండ్లి జాబు కోసం ఎదురుచూస్తున్నడు. రెండేళ్ల ట్రైనింగు అయ్యేదాకా వాళ్ల పేరు మీద అప్పుడప్పుడు ఒక కార్డు వెయ్యండి. దాన్ని బాపు జనగామకే పట్టుకొస్తడు. ఏం రాసినా పర్వాలేదు, చదివేది నేనే.