అధికారం లేని హెచ్చరిక

డెల్మర్ అన్నయ్యా,

నువ్వు ఓటేసిన మీ అధ్యక్షుడు ఒక్క ఉత్తర్వుతో నాతోపాటు ఎందరివో సర్కారు ఉద్యోగాలు పీకేసిన రోజు నువ్వు ఫోన్ చేసి, "దేశానికి దుబారా తగ్గిందే!" అని నవ్వావు. తర్వాత ఆ ఉత్తర్వు చెల్లదనీ, మమ్మల్ని తిరిగి తీసుకోమనీ జడ్జిగారు తీర్పిచ్చారు. అధ్యక్షుడి మనుషులు దాన్ని ఎంత బుద్ధిగా పాటించారనుకున్నావు! వరద హెచ్చరికల ఆఫీసులో నాకు కుర్చీ ఇచ్చారు, కంప్యూటర్ ఇవ్వలేదు. "కోర్టు నిన్ను రానివ్వమంది గానీ పని చెయ్యనివ్వమనలేదు తల్లీ" అన్నాడు మా అధికారి హోల్కాంబ్.

మొన్న ఇంటికొస్తూ వంతెన మీంచి చూశాను. మంచుగడ్డలు ప్లాట్ నదికి అడ్డంపడి, నీళ్ళు మీ పొలం వైపు ఎగదన్నుతున్నాయి. హోల్కాంబ్‌కి చెబితే, "హెచ్చరించే అధికారం నీకు లేదుగా" అన్నాడు. అందుకే చెల్లెలిగా నీకు ఫోన్ చేశాను. నువ్వేమో, "ఇది సర్కారు మాటా, నీ మాటా?" అని ఆరా తీశావు. "ముందు దూడల్ని మెట్టకి తోలు అన్నయ్యా!" అని అరిచాను. తిట్టుకుంటూనే తోలావు. పొలం మునిగినా అవి బతికాయి.

ఈరోజు పై కోర్టు అధ్యక్షుడు చేసిందే ఒప్పని తేల్చింది. నాకు ఆ కుర్చీ కూడా పోయింది. సంబరం చేసుకో. మళ్ళీ నది పొంగితే మాత్రం ముందు ఆయనకే ఫోన్ చెయ్యి. ఆయన ఎత్తకపోతే నాకు చెయ్యి, ఎత్తుతాను.

నీ చెల్లెలు