కుడిచెయ్యి లేని కీచుగాడు

నా బంగారు అమ్మకు,

నీ మొండిఘటం రాస్తోంది. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు తప్ప ఒక్క ముక్క వినవు. ఇన్నేళ్లూ ఆ ఆసుపత్రి లాండ్రీలో, ఆ మెషిన్ల హోరులో దుప్పట్లు ఉతికి ఉతికి చెవులు పాడుచేసుకున్నావు. పైగా నేనే నోట్లో గొణుక్కుంటున్నానని తిడతావు. అందుకే కాగితం. కాగితం మీదైతే మధ్యలో అడ్డు తగలవు కూడా.

మా ఊలు దుకాణంలో ఈమధ్య ఒక గొడవైంది, చెబుతాను విను. నా చిన్నప్పుడు ఒక అంతరిక్షనౌక సీరియల్ వచ్చేది, గుర్తుందా? దారి తప్పిపోయిన నౌక, అందులో యంత్రాలన్నిటికీ నూనె వేస్తూ తిరిగే ఒంటిచేతి మరమనిషి. అందరికీ వేసి తన కీళ్లకు వేసుకోవడం మరిచిపోతాడు, అందుకే నడిస్తే కీచుకీచుమంటాడు. పేరే కీచుగాడు. ఆ సీరియల్‌ను టీవీలో మళ్లీ మొదటినుంచి వేస్తున్నారు. పిల్లలకు ఇప్పుడు లోకంలో వాడు తప్ప ఎవరూ కనబడటం లేదు. మా ఓనరమ్మ, "ఒక కీచుగాణ్ణి అల్లి షోకేసులో పెట్టవే, వాణ్ణి చూసైనా నాలుగు ఊలు ఉండలు కొంటారు" అంది.

అల్లాను. ఏ బొమ్మా చూడకుండా, కేవలం జ్ఞాపకం మీద. బూడిదరంగు ఊలు తీసుకుని, లోపలి దూది బయటికి కనబడకుండా సన్నటి క్రోషే సూదితో బిగించి అల్లాను. నడినెత్తిన చిన్న ఉచ్చుతో మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుకుంటూ, వరస వరసకూ ముడులు పెంచుకుంటూ పోతే తల వచ్చింది. మళ్లీ తగ్గించుకుంటూ వస్తే మెడ వచ్చింది. మెడలో దూది కొంచెమే పెట్టాను, వాడు ఎప్పుడూ తల ఒక పక్కకు వాల్చుకునే ఉంటాడు కదా. ఒక కంటికి ఆకుపచ్చ బొత్తాం, వెలగని కంటికి నల్లదారం. ఎడమచేతిలో వేలెడంత నూనెడబ్బా. కుడిచెయ్యి ఉండాల్సినచోట ఖాళీ. పూర్తయ్యాక బల్లమీద కూర్చోబెట్టి చూసుకుంటే, అచ్చం వాడే. ముద్దొచ్చాడు.

షోకేసులో పెట్టిన మొదటి పూటే పక్కనున్న బ్యాంకు వాచ్‌మన్ వచ్చి, "ఏమ్మా, చెయ్యి తప్పు వైపు కుట్టావే" అన్నాడు. తరువాత బడిపిల్లలు మూకగా వచ్చి అద్దానికి ముక్కులు ఆనించి నవ్వారు. వాళ్ల టీచరమ్మ కూడా వచ్చి, "వాడికి లేనిది ఎడమచెయ్యండీ" అని చెప్పి వెళ్లింది. ఓనరమ్మ ఊరుకుంటుందా, విప్పి మళ్లీ కుట్టమంది. నాకు ఒళ్లు మండిపోయింది. "వారం వారం నోరు తెరుచుకుని చూసినదాన్ని, నాకే చెబుతారా?" అన్నాను. ఆవిడ ఫోన్‌లో ఆ సీరియల్ తీసి నా ముఖం ముందు పెట్టింది. నిజమే. వాడికి లేనిది ఎడమచెయ్యే.

ఏం చేస్తాను, కత్తెర తీసుకున్నాను. భుజం దగ్గర దారం తెంపబోతుంటే నాన్న సెలూన్ గుర్తొచ్చింది. టీవీ కుర్చీకి వెనక, వాకిలి పైన ఉండేది. కుర్చీలో కూర్చున్నవాళ్లు మెడ తిప్పబోతే, "తిప్పకండి, చెవి తెగుద్ది, అద్దంలో చూడండి" అనేవాడు నాన్న. అన్నయ్యా నేనూ ఆ టీవీ కిందే బెంచీ మీద కూర్చునేవాళ్లం. మాకూ అద్దంలోనే కనబడేది. నౌక మీద రాసిన పేరు కూడా తిరగబడే కనబడేది. అది ఆకాశంలో వాళ్ల భాష, నీకు రాదులే అని అన్నయ్య కోతలు కోసేవాడు. వారానికో కొత్త అర్థం చెప్పేవాడు, నేను నమ్మేదాన్ని. సీరియల్ చూసినవాళ్లందరికీ కీచుగాడికి ఎడమచెయ్యి లేదు. కుడిచెయ్యి లేనిది మా ఇద్దరికే.

కత్తెర కింద పెట్టేశాను. ఇక అసలు సంగతి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. నువ్వు నన్ను తీసుకుని వచ్చేసినప్పుడు నాకు ఆరేళ్లు. అన్నయ్య నాన్న దగ్గరే ఉండిపోయాడు. ఆ తరువాత ఇంట్లో నేను అన్నయ్య అన్నప్పుడల్లా నువ్వు లేచి వెళ్లి కొళాయి తిప్పేదానివి. ఆ నీళ్ల చప్పుడుకు నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. కానీ మనసు మూసుకోలేదమ్మా. ఒకసారి నీకు చెప్పకుండా ఆ వీధికి వెళ్లాను. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వరసంతా పడగొట్టేశారు, అడుగుదామంటే తెలిసిన ముఖం ఒక్కటి లేదు. ఇప్పటికీ దారిలో ఏ సెలూన్ కనబడినా లోపలికి తొంగిచూస్తాను. ఈవిడకు ఇక్కడేం పని అన్నట్టు అందరూ తేరిపార చూస్తారు. చూడనీ. నాకు మా అన్నయ్య కావాలి.

చెయ్యి మార్చి కుట్టనని ఓనరమ్మకు చెప్పేశాను. కీచుగాడు అలాగే ఉంటాడు, నవ్వేవాళ్లు నవ్వుతారు. అన్నయ్య ఎక్కడున్నాడో నీకు తెలిస్తే మాత్రం దాచకుండా రాయి.

నీ
మొండిఘటం

*

అమ్మకు,

నీ ఉత్తరం అందింది. దగ్గుమందు పేరు రాశావు. పక్క క్వార్టర్‌లో నర్సమ్మ మోకాలి సంగతి రాశావు. కొత్త సబ్బుపొడికి చేతులు పగులుతున్నాయని రాశావు. నేను అడిగింది తప్ప అన్నీ రాశావు. కాగితానికి కూడా కొళాయి ఉంటుందని నాకు తెలియదు.

సరే, నువ్వు చెప్పకపోతే మానె. ఓనరమ్మ కూతురు కీచుగాణ్ణి ఫోటో తీసి దుకాణం పేజీలో పెట్టింది, నన్ను ఆటపట్టించడానికే. దాని కింద ఊరూవాడా చేరి నన్ను ఉతికి ఆరేశారు. కుడి ఎడమ తెలియనివాళ్లు కూడా అల్లికలు మొదలుపెట్టారా అని ఒకడు. తాగి అల్లిందేమో అని ఇంకొకడు. ఓనరమ్మ కూతురు అవన్నీ పైకి చదివి పడీపడీ నవ్వుతోంది. చదువుతూ చదువుతూ, "ఇదెవరో నీలాంటి తిక్కమనిషే" అంది. ఏముందే అంటే చదివింది. "చెయ్యి సరైన వైపే ఉంది. అల్లింది ఎవరు?"

సరైన వైపే అని మీకెలా తెలుసు అని ఆ పిల్ల చేతే రాయించాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "మా నాన్న షాపులో బెంచీ మీద కూర్చుంటే అలాగే కనబడేవాడు." నేను ఊలు అట్టపెట్టెల మధ్య నేలమీద కూలబడి ఏడ్చాను. ఎవరైనా పోయారేమోనని ఓనరమ్మ హడలిపోయి షట్టరు సగం దించేసింది. దొరికాడండీ అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అమ్మా, షాపు ఎక్కడో రాయించుకున్నాను, ఈ ఆదివారం వాడి దగ్గరికి వెళ్తున్నాను. నీ అనుమతి అడగడం లేదు, నీకు చెబుతున్నాను, అంతే. నీ మీద కోపం ఉంది. అయినా మందు వేసుకో.

నీ
మొండిఘటమే

*

అమ్మా,

బస్సు దిగి ఇంటికి రాగానే రాస్తున్నాను. చెప్పులు కూడా విప్పలేదు.

వాడిదీ సెలూనే. పొడుగాటి వీధి చివర, మందుల షాపు పక్కన చిన్న గది. నాన్న కుర్చీని వాడు వదల్లేదు. చేతులు పెట్టుకునే చోట తోలు మార్పించాడు కానీ అడుగున ఇనప చట్రం అదే. నాన్న పోయి చాలా ఏళ్లయిందట. నేను వెళ్లేసరికి వాడు ఒక పెద్దాయనకు గడ్డం గీస్తున్నాడు. వెళ్లి బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి కీచుగాణ్ణి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. వాడు అద్దంలోంచి చూశాడు. కత్తి గాలిలోనే ఆగిపోయింది.

పెద్దాయన కాసేపు ఓపికపట్టి, "ఏమయ్యా, సగం గడ్డంతో పంపిస్తావా నన్ను?" అన్నాడు.

అన్నయ్య మిగిలిన సగం గీశాడు. నావైపు చూడకుండా గీశాడు. చూస్తే ఆయన చెంప తెగుతుందని నాకు అర్థమైంది. ఆయన వెళ్లాక కత్తి కడిగాడు, చేతులు కడిగాడు, తువ్వాలు మడతపెట్టాడు, మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"లావయ్యావే" అన్నాడు.

"నీకు జుట్టు పోయింది. నీ షాపుకి జనం ఎలా వస్తున్నార్రా?" అన్నాను.

ఇంతకాలం ఏమేం మాట్లాడాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలియదు. తీరా చూస్తే ఈ రెండు మాటలు. తరువాత ఇద్దరం ఏడ్చాం. కీచుగాణ్ణి తీసుకుని అద్దం ముందు పౌడరు డబ్బా పక్కన కూర్చోబెట్టాడు. అద్దంలో వాడు అందరి కీచుగాడిలా ఎడమచెయ్యి లేకుండా ఉన్నాడు. అది చూసి ఏడుపులోనే నవ్వొచ్చింది ఇద్దరికీ.

నాకోసం ఎందుకు రాలేదురా అని అడిగాను. ఎక్కడున్నారో తెలిస్తే కదా అన్నాడు. తరువాత నువ్వు నాకు ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు. మనం వచ్చేసిన కొత్తలో నువ్వు నాన్న షాపుకి వెళ్లావట. వాడు చీపురుతో జుట్టు ఊడుస్తున్నాడట. నువ్వు కొత్త చొక్కా పట్టుకుని వాకిట్లో నిలబడి, "రారా పెద్దోడా, నాతో రా" అన్నావట. "నువ్వెవరో నాకు తెలీదు, పో" అన్నాడట వాడు. నువ్వు చొక్కా బెంచీ మీద పెట్టి వెళ్లిపోయావట.

"పదకొండేళ్లోణ్ణి. నేను పొమ్మంటే పోవడమేంటే? రెండోసారి అడుగుద్దేమో అని చూశా. ఎవరు తలుపు తీసినా చూశా. కోపం పోయి ఆ చొక్కా తొడుక్కుందామనుకునేసరికి అది నాకు చాల్లేదు" అన్నాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ నీ మీద మండిపడ్డాను. పిల్లాడు పొమ్మన్నాడని వదిలేసి వచ్చే తల్లి ఉంటుందా అనుకున్నాను. ఆ సంగతైనా నాకు ఎందుకు చెప్పలేదు? బస్సు దిగేసరికి కోపం తీరిపోయింది, నిన్ను చూడాలని మాత్రం ఉంది. నిన్నూ వాణ్ణీ ఒకేచోట చూడాలని ఉంది. నాకు ఇంకేం వద్దు.

వాడూ మొండిఘటమే, నాకంటే ఎక్కువ. "అమ్మని రమ్మని నేనడగను" అన్నాడు. నన్ను బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, అదేదో నాతో సంబంధం లేని విషయంలా, "ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసేస్తా. ఇంట్లో ఖాళీగానే ఉంటా" అన్నాడు. బస్సు కదిలాక, "ప్రతి ఆదివారం" అని అరిచాడు.

రా అమ్మా. ఈసారి కొళాయి తిప్పకు.

నీ
మొండిఘటం

*

మొండిఘటానికి అమ్మ దీవెనలు.

నాకు నీలా పేజీలు పేజీలు రాయడం రాదు. చేతులు కూడా పగిలి ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మీ నాన్న చెడ్డవాడు కాదు. మా ఇద్దరికీ పడలేదు, అంతే. వచ్చేసిన రోజు నీ చెయ్యి ఒకటి, వాడి చెయ్యి ఒకటి పట్టుకునే బయలుదేరాను. వాడు విడిపించుకుని వెళ్లి ఆ కుర్చీ కాలు పట్టుకున్నాడు. నాన్నకి ఎవరున్నారు అన్నాడు. పసివాడు ఆ మాట అడిగాక వాణ్ణి లాక్కురాలేక, నీ చెయ్యి ఒక్కటే పట్టుకుని వచ్చేశాను.

చొక్కా సంగతి నిజమే. కానీ వాడు చెప్పింది వాడు చూసినంతవరకే. నేను మళ్లీ వెళ్లాను. అద్దాల తలుపు బయట నిలబడ్డాను. వాడు ఎవరికో నురుగు పూస్తూ, ఏదో చెప్పి నవ్విస్తూ, తనూ నవ్వుతున్నాడు. బాగున్నాడు కదా, నేను కనబడి ఆ నవ్వు చెడగొట్టడం దేనికి అనిపించింది. తిరిగొచ్చేశాను. ఆ తరువాత ఎప్పుడు సెలవు దొరికినా వెళ్లేదాన్ని. ఎదురు వరసలో నిలబడి చూసి వచ్చేదాన్ని. వాడికి మీసాలు రావడం నేను రోడ్డు అవతలినుంచి చూశాను. నీకు చెబితే నువ్వూ వస్తానని పేచీ పెడతావు, నిన్ను చూస్తే వాడి మనసు కలత పడుతుంది. అందుకే చెప్పలేదు.

ఒకసారి వెళ్లేసరికి వీధే లేదు. ఇటుకలు, మట్టి. పనివాళ్లను అడిగాను. దుకాణాల వాళ్లను అడిగాను. పోలీసులను కూడా అడిగాను. వాళ్లు ఎటుపోయారో ఎవరూ చెప్పలేదు. దూరంనుంచి చూసుకునే భాగ్యం కూడా పోయింది. నువ్వు అన్నయ్య ఎక్కడ అని అడిగినప్పుడల్లా, నాకు తెలియదే అని చెప్పడానికి నోరు రాలేదు. ఏ తల్లికి వస్తుంది? అందుకే కొళాయి తిప్పేదాన్ని. నాకేదో తెలిసి దాచానని ఇన్నాళ్లూ అనుకున్నావు. అలాగే అనుకోనిచ్చాను. తప్పిపోయాడనుకోవడం కంటే అదే నయమనిపించింది.

పొమ్మన్నప్పుడు పోకుండా ఉండాల్సింది. ఆ మాట వాడితోనే చెబుతాను, నీ చేత చెప్పించను. పై ఆదివారానికి సెలవు పెట్టాను. సూపర్‌వైజరు దేనికి అంటే, మా పెద్దబ్బాయి ఇంటికి అన్నాను. అనేసి లోపలికి వెళ్లి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి కాసేపు ఏడ్చుకున్నాను. బస్సు స్టాండులో నువ్వు నాకోసం ఉండు, వాడు వద్దు. వాడు ఇంట్లోనే ఉండాలి, నేనే వాడి తలుపు తట్టాలి.

నువ్వు ఒక పని చెయ్యి. వాడికి ఫోన్ చేసి, నేను అడిగానని చెప్పకుండా, టీలో పంచదార ఎంత వేసుకుంటాడో కనుక్కో. అసలు టీ తాగుతాడో, కాఫీ తాగుతాడో అది కూడా కనుక్కో. వాడింట్లో వాడికి నేను కలిపి ఇవ్వాలి. ఎంత వెయ్యాలిరా అని వాణ్ణి అడగలేను.

మీ
అమ్మ