అమ్మకు ఆలస్యంగా చెప్పిన కరెంటు సంగతి

జగ్గయ్యపేట, 1966, శుక్రవారం

బొంబాయి దగ్గర కడుతున్న అణువిద్యుత్ కేంద్రంలో తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని మొన్న గొప్పలు పోయా. "జపాన్ మీద వేసిన బాంబులో ఉన్న శక్తే అమ్మా" అన్నా. నిన్నంతా అమ్మ అన్నం ముట్టలేదు. తమ్ముడు వెళ్తే తన మీద ఒట్టేనంది. పొద్దున వాడు ఉద్యోగానికి రాలేనని ఉత్తరం రాసి పోస్టు చేసేశాడు.

సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని నిదానంగా చెప్పా. "యురేనియం పరమాణువులు చీలితే వేడి పుడుతుంది. ఆ వేడికి నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆవిరి చక్రాన్ని తిప్పితే కరెంటు వస్తుంది. చీలడం మితిమీరకుండా అడ్డుకోడానికి కడ్డీలుంటాయి."

"అంటే మన రైసుమిల్లు బాయిలరు లాంటిదా? ఈ ముక్క ముందే చెప్పొచ్చు గదే!" అంది అమ్మ.

గుమ్మంలో నిలబడి వింటున్న తమ్ముడు "పోనీలే అక్కా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు పక్క గదిలో, ప్రయాణానికి సర్దుకున్న పెట్టె విప్పుతున్నాడు.