బొడ్డు పక్కన సూది

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
మార్చి 4

ప్రియమైన చెల్లి డయానాకు,

ఫోన్లో మాట్లాడితే ఇంట్లో అందరి చెవులూ ఇటే, అందుకే ఉత్తరం. నీ కొడుకు టోనీ మా దగ్గర కులాసా. ఖరిదా బజారు జిమ్ములో పనికి టైముకే వెళ్తున్నాడు.

నా పేగు క్యాన్సర్ ఆపరేషనై ఏడు నెలలు. ఆ మధ్య డాక్టరు నా పొట్ట చూసి, "ఈ కొవ్వు తగ్గకపోతే జబ్బు లివరుకు పాకే ప్రమాదం ఎక్కువ" అన్నాడు. అప్పట్నుంచి అద్దం చూస్తే రోత. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు చక్రాలు బిగించిన ఒళ్లేనా ఇది! అయితే ఒక మందు దొరికింది. రోజూ బొడ్డు పక్కన సూది. నెలలో నాలుగు కిలోలు దిగాను. ఇచ్చింది మన సెటిల్‌మెంటు పేటలో తెలుగు పిల్లవాడే, పేరడగొద్దు. సీసా మీది కాగితం కవరులో పెట్టాను. నర్సువి కదా, చూడు.

నీ అన్నయ్య,
సమూయేలు

విశాఖపట్నం
మార్చి 13

ప్రియమైన అన్నయ్యకు,

కాగితం చదివాను. అది గ్రోత్ హార్మోను! ఒంట్లో కొవ్వు ఎక్కువైతే క్యాన్సరు కణాలు లివరులో పాతుకుపోవడం తేలికని మీ డాక్టరు చెప్పింది నిజమే. కానీ ఈ హార్మోను లివరు చేత కణాలను పెంచే పదార్థం తయారు చేయిస్తుంది. అందుకే క్యాన్సరున్నవాళ్లకు దాన్ని ఇవ్వరు. ఒక ఎరువు తీయబోయి ఇంకో ఎరువు చల్లుకున్నావు.

మనవాడట, మనవాడు! ఆ బెంగాలు ఊళ్లో ఎవడు తెలుగు మాట్లాడినా, అది ఏ మందని అడక్కుండా పొట్ట చూపించడమేనా? థూ! వెంటనే ఆపి స్కాను తీయించుకో. టోనీని పంపి ఆ వెధవ చొక్కా పట్టుకోమను.

మండిపడుతున్న చెల్లి,
డయానా

ఖరగ్‌పూర్
ఏప్రిల్ 2

ప్రియమైన డయానా,

సూది ఆ రోజే ఆపాను. స్కానులో లివరు మీద రెండు మచ్చలు కనిపించాయి. సూది వల్లేనా అంటే, ముందే ఉండి ఉండొచ్చు, చెప్పలేమన్నారు. వచ్చే వారం నుంచి కీమో.

ఆ చొక్కా టోనీ పట్టుకోలేడమ్మా. అది వాడిదే.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "మావయ్యా, కొవ్వు కరుగుతాదని ఇచ్చినాను. ఇంకేటీ తెల్దు నాకు" అని ఏడ్చాడు. అసహ్యంతో చెయ్యెత్తాను. వాడు కళ్లు తుడుచుకోవడానికి బనీను పైకి లాగాడు. బొడ్డు చుట్టూ నాకన్నా ఎక్కువ సూది గుర్తులు.

"ఎన్నాళ్లనుంచిరా?"

"రెండేళ్లు. కండల కోసం."

ఎత్తిన చెయ్యి దించేశాను. నన్ను చూడటానికి ఇక్కడ డాక్టర్లున్నారు. నువ్వు సెలవు పెట్టి వచ్చి నీ కొడుకుని చూసుకో. తిట్టకు, ముందు పరీక్షలు చేయించు.

అన్నయ్య,
సమూయేలు